నిరోధము శూన్యము కాదు



ఇటీవల ప్రవచనవేదికలపై ఒక నూతన పురాణము వినవచ్చుచున్నది. దానికి నేను గాబా పురాణమని పేరు పెట్టుకొంటిని. మెదడునందు గాబా అను రసాయనము కలదు. అది నాడుల ఉద్రేకమును తగ్గించును. పతంజలి మహర్షి యోగమునకు చెప్పిన లక్షణము కూడ నిరోధమే. కావున ఋషులకు గాబా తెలియును. కావున జపము చేయువానికి గాబా పెరుగును. కావున మాత్రలతో పని లేదు. ఈ మూడు 'కావున'లలో మొదటిది హాస్యాస్పదము, రెండవది అర్ధసత్యము, మూడవది ప్రాణాంతకము. గాబా ఉన్నచోట గాబరా ఉండదని ఒక శ్లేష కూడ ఈ పురాణమున కలదు. సభ చప్పట్లు కొట్టును.

మా ఆలయమునకు ప్రతి శనివారము వచ్చు ఒక గృహస్థునకు పదునేడేండ్ల కుమారుడు కలడు. బాల్యము నుండి ఆ పిల్లవానికి మూర్ఛవ్యాధి. వైద్యులు ఇచ్చిన మాత్రలలో క్లోబజామ్ అనునది ఒకటి. రెండేండ్లుగా ఒక్క మూర్ఛయు రాలేదు. తండ్రి ఒక ఉపన్యాసమున ఈ పురాణమును విని, మాత్ర చేయు పనినే మంత్రము చేయునని నమ్మి, మాత్రలు ఒక్కసారిగా మాన్పించి, ఉభయసంధ్యలయందు నామజపము చేయించెను. ఐదవనాటి రాత్రి పిల్లవానికి మూర్ఛ వచ్చినది. అది ఆగలేదు. ఆసుపత్రికి చేర్చునప్పటికి అరగంట దాటినది. పిల్లవాడు బ్రతికెను. పది దినములైన పిమ్మట ఆ తండ్రి ముఖమండపమున నా ఎదుట కూర్చుండి, "పంతులుగారూ, మావాడి జపంలో ఏం లోపం జరిగిందంటారు?" అని అడిగెను.

"జపంలో లోపం లేదు నాయనా. మాత్ర మానడంలో ఉంది" అంటిని. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ఉపన్యాసకుడు వాడుకొన్నది మా శాస్త్రపు మాటను. నిరోధమను పదమును మేము గురుముఖమున సభాష్యముగా చదువుకొంటిమి. ఆ పదము ఒక పిల్లవాని ప్రాణము మీదికి వచ్చినప్పుడు అర్చకుడు మౌనముగా హారతి పట్టుకొని నిలుచుండుట తగదు. మా అన్నగారి కుమారుడు వైద్యకళాశాలలో శరీరధర్మశాస్త్రమును బోధించును. అతనిని కూర్చుండబెట్టుకొని, అతడు చూపిన వ్యాసములను తెలియనిచోట మరల మరల అడిగి చదువుకొంటిని. ఇప్పుడు వ్రాయుచున్నాను.

మన సంప్రదాయమున ముందు పూర్వపక్షమును న్యాయముగా చెప్పవలెను. గాబా పురాణమునకు ఆధారము బొత్తిగా లేకపోలేదు. 2007లో అమెరికాలోని బోస్టన్ నగరమున ఒక పరిశీలన జరిగినది. యోగాభ్యాసము కలవారు ఎనిమిదిమంది ఒక గంట ఆసనములు వేసిరి. వేరు పదునొకండుగురు ఆ గంటసేపు పుస్తకము చదివిరి. ఆసనములు వేసినవారి మెదడులో గాబా పరిమాణము సగటున 27 శాతము పెరిగినదని యంత్రము చూపినది. ఇది యథార్థము. అయితే వారు ఎనిమిదిమంది మాత్రమే. వారు చేసినది ఆసనము, జపము కాదు. వారు మూర్ఛరోగులు కారు. ఆ యంత్రము కొలుచునది మెదడులోని ఒక భాగమున ఉన్న మొత్తము గాబాను. అది ఏ నాడీసంధివద్ద ఏ పని చేయుచున్నదో ఆ యంత్రము చెప్పజాలదు. ఊరిలోని బియ్యపు మూటలను లెక్కించినంతమాత్రమున ఏ ఇంట అన్నము ఉడికినదో తెలియునా?

ఇక సిద్ధాంతము. గాబా శాంతిరసాయనమను మాటయే తప్పు. గర్భస్థశిశువు మెదడునందును, నవజాతశిశువు మెదడునందును ఈ గాబాయే నాడీకణములను ఉద్దీపింపజేయగలదు. ఆ దశలో కణములోపల క్లోరైడు ఎక్కువగా ఉండుటచేత గాబా తెరచిన ద్వారము గుండ క్లోరైడు వెలుపలికి పోవును, కణము జాగృతమగును. శిశువు ఎదిగినకొలది క్లోరైడును బయటికి తోడివేయు వ్యవస్థ బలపడును. అప్పుడు అదే గాబా, అదే ద్వారము, కాని ఫలము విపరీతము. కావున నిరోధము ఆ రసాయనమున లేదు. అది ఉన్న స్థితిలో ఉన్నది.

నిరోధమనగా మాంద్యము, చేష్టారాహిత్యము అనుకొనువారు మన పల్లెలలోని రెండు విషయములను తలచుకొందురు గాక. విషముష్టి గింజ మనకు తెలియును. దానిలోని స్ట్రిక్నిన్ అను విషము వెన్నుపాములోని నిరోధకసంధులను కట్టివేయును. అప్పుడు మనిషి చురుకైనవాడు అగునా? కాడు. చిన్న శబ్దమునకు, చిన్న స్పర్శకు దేహమంతయు ఒక్కసారిగా బిగిసిపోవును. ధనుర్వాతమునందును అంతే. ఆ సూక్ష్మజీవి విషము నిరోధకనాడులు తమ సందేశమును విడువకుండ చేయును. కండరములన్నియు ఒకేసారి లాగును. మనిషి విల్లువలె వంగును. పేరు పెట్టిన పూర్వులు ఎంత చక్కగా చూచిరి! చేయి ముడువవలెనన్నచో ముడుచు కండరము పనిచేయుట చాలదు, చాచు కండరము అదే క్షణమున విరమింపవలెను. ఈ పరస్పరనిరోధమును సవిస్తరముగా నిరూపించిన షెరింగ్టన్ మహాశయునకు 1932లో నోబెల్ బహుమానము వచ్చినది. అతని శిష్యుడు ఎకిల్స్ కథ మన ఉపన్యాసకులు వినదగినది. నాడీసంధిని సందేశము విద్యుత్తుగానే దాటునని అతడు సంవత్సరముల తరబడి వాదించెను. 1951లో వెన్నుపాములోని నాడీకణములోపలికి సూక్ష్మమైన గాజునాళమును పంపి నిరోధమును కొలిచినప్పుడు, తన పక్షమునకు విరుద్ధమైన ఫలము కనబడినది. అతడు తన పక్షమును తానే ఖండించుకొని రసాయనపక్షమును అంగీకరించెను. 1963లో అతనికిని నోబెల్ వచ్చినది. వాదమనగా అట్లుండవలెను.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తును. మెదడు నేర్చుకొనుటయనగా నాడీసంధులు దీర్ఘకాలము మార్పుచెందుటయని ఆధునికులు చెప్పుదురు. కలిసి పనిచేయు నాడీకణముల నడుమ బంధము బలపడునని 1949లో హెబ్ ప్రతిపాదించెను. 1973లో బ్లిస్, లోమో అనువారు కుందేటి మెదడులోని హిప్పోకాంపస్ అను భాగమున అట్టి దీర్ఘకాలిక బలమును చూపిరి. అయితే ఇవన్నియు ఉద్దీపకసంధుల విషయములు. మెదడు పైపొరలోని నాడీకణములలో సుమారు అయిదవ వంతు నిరోధకములు. వాటి సంధులు మాత్రము చాలకాలము చెరువుగట్టువలె స్థిరములని, నీరు మారునే గాని గట్టు మారదని పలువురు భావించిరి. నేర్చునది ఉద్దీపనము, నిరోధము కేవలము అడ్డు అని ఆ దృష్టి.

ఆ దృష్టి నిలువలేదు. 1992లో కానో, కొనెర్త్ ప్రభృతులు చిన్నమెదడులోని పుర్కింజె కణములపై నిరోధకసంధులు అనుభవవశమున బలపడి, ఆ బలము చాలసేపు నిలుచుటను చూపిరి. 2003లో షెవలేర్, కాస్టియో అనువారు హిప్పోకాంపస్‌లో దీనికి విపరీతమును చూపిరి. సందేశమును అందుకొను కణమే ఒక పదార్థమును వెనుకకు పంపి, నిరోధకనాడి విడుచు గాబాను దీర్ఘకాలము తగ్గించుచున్నది. 2007లో ఫ్రోమ్కే ప్రభృతులు ఎలుకల శ్రవణవిభాగమున చేసిన పరీక్ష నన్ను మిక్కిలి ఆకర్షించినది. ఒక స్వరమును వినిపించుచు, మెదడునందు అవధానమును లేపు కేంద్రమును ప్రేరేపించిరి. ముందుగా ఆ స్వరమునకు సంబంధించిన నిరోధము సడలినది, ఉద్దీపనము పెరిగినది, ఆ పిమ్మట కొన్ని గంటలలో నిరోధము మెల్లగా పెరిగి, క్రొత్త ఉద్దీపనమునకు సరితూగినది. అనగా నేర్చుటకై ద్వారము తెరచి, నేర్చినదానికి క్రొత్త కట్టు కట్టినది నిరోధమే. నిరోధకసంధులు తాము మారుట చేతనే ఉద్దీపనమును సమతౌల్యమున నిలుపగలవని 2011లో వోగెల్స్ ప్రభృతులు గణితనమూనాతో చూపిరి. నిరోధము గట్టు కాదు, తూము. ఎంత ఎత్తవలెనో, ఎప్పుడు దించవలెనో అనుభవమువలన నేర్చుకొను తూము.

ఇది చదివినప్పుడు నాకు విభూతిపాదము స్మరణకు వచ్చినది. నిరోధపరిణామమును చెప్పు ఆ సూత్రమును, వ్యాసభాష్యమును అధ్యయనము చేసినవారికి తెలియును. వృత్తులు ఆగినంతమాత్రమున సంస్కారములు ఆగవు. వ్యుత్థానమునకు సంస్కారములు ఉన్నట్లే నిరోధమునకును సంస్కారములు కలవు. ఒకటి అణగుచుండగా వేరొకటి పైకి వచ్చును. నిరోధసంస్కారము దుర్బలమైనచో వ్యుత్థానసంస్కారము దానిని మరల కప్పివేయును. అనగా మన శాస్త్రదృష్టిలోను నిరోధము ఒక ఖాళీ స్థలము కాదు. అది అభ్యాసముచే పోగుపడునది, అలక్ష్యముచే తరుగునది. నిరోధమనగా మనస్సును గొంతు నులిమి అణచుటయని, అది ఆరోగ్యమునకు హానియని, కావున మనస్సును దాని ఇష్టమునకు విడువవలెనని బోధించు ఆధునిక గురువులు మరియొక వర్గము కలరు. వారును ఈ సూత్రమును చదువలేదు. చదివినచో నిరోధము, అణచివేత పర్యాయపదములు కావని గ్రహింతురు.

ఈ రెండవ వర్గమునకు ఒక ఉదాహరణము చెప్పెదను. రష్యా దేశపు పావ్లోవ్ కుక్కలకు ఘంటానాదముతో ఆహారమును జతచేసిన కథ అందరికిని తెలియును. తరువాతి భాగము తెలిసినవారు తక్కువ. ఆహారము లేకుండ మాటిమాటికి నాదమును వినిపించినచో కుక్క లాలాజలమును విడుచుట మానును. మరచినదా? మరువలేదు. కొంత వ్యవధి తరువాత నాదము వినిపించినచో లాలాజలము మరల వచ్చును. కావున పాతది చెరిగిపోలేదు. దానిపై ఒక క్రొత్త నిరోధము అభ్యసింపబడినదని పావ్లోవ్ నిర్ణయించెను. భయము విషయమునను ఇట్లే. అమిగ్డలా అను భాగమున గుంపులుగా ఉండు కొన్ని నిరోధకకణములను నశింపజేసినచో, భయము వీడుటను నేర్చిన ఎలుకలు ఆ నేర్చినదానిని కనబరుపలేకపోయినవని 2008లో వెల్లడియైనది. భయమును వీడుట ఒక మరపు కాదు, ఒక విద్య. ఇందులో గొంతు నులుముట ఎక్కడ ఉన్నది?

ఘనపాఠము నేర్చిన ప్రతి విద్యార్థికిని ఇది అనుభవము. ఎనిమిదేండ్లు సంహితను వల్లించిన నాలుక నదివలె ముందునకే పోవును. ఘనమున రెండు పదములు పలికి, వెనుదిరిగి, మరల ముందునకు వచ్చి, మూడవదానిని కలిపి, ఆ మూడింటిని తలక్రిందులు చేసి, మరల సరిచేయవలెను. అప్పుడు కష్టము పలుకుటలో లేదు, ఆగుటలో ఉన్నది. తరువాతి పదము పెదవిపై సిద్ధముగా ఉండును, దానిని పలుకరాదు. మా గురువుగారు తొడపై చేతితో తట్టుచుండెడివారు, తప్పినచో ఆ చేయి తొడ మీద ఉండెడిది కాదు. రెండేండ్లకు ఆ ఆగుట ప్రయత్నము లేకుండ వచ్చినది. సంహిత మాత్రము నాశనము కాలేదు. నేటికిని అభిషేకసమయమున అది ప్రవాహముగనే వచ్చును. ఆ రెండేండ్లలో నా మెదడునందు ఏ సంధి ఎట్లు మారినదో నేను చెప్పబోవుట లేదు, ఎవ్వరును కొలువలేదు. నా నిరోధము ఒక విద్యయని మాత్రము నేనెరుగుదును.

అయితే ఋషులు చెప్పినదానిని ప్రయోగశాల ఋజువు చేసినదా? లేదు. ఇచట నేను నా పక్షమువారికే అప్రియుడను అగుచున్నాను. పోలిక వేరు, ప్రమాణము వేరు. పతంజలి చెప్పిన చిత్తము మెదడు కాదు; వృత్తి నాడీకణపు స్పందనము కాదు; క్లోరైడు ద్వారముల మాట ఏ భాష్యమునను లేదు. పైగా రెంటికిని స్పష్టమైన భేదము ఉన్నది. ప్రసుప్తములైన క్లేశములు ఆలంబనము ఎదురైనప్పుడు మేల్కొనునని శాస్త్రము చెప్పును; పావ్లోవ్ కుక్కల వృత్తాంతము దీనికి సమీపమున ఉన్నది. కాని వివేకఖ్యాతిచే కాలిన బీజము మరల మొలకెత్తదనికూడ శాస్త్రము చెప్పును. దగ్ధబీజమును పోలినదేదియు ఆ ప్రయోగములలో కనబడదు. వారు చూచినంతవరకు నిరోధింపబడినది మరల లేవగలదు. ఉపన్యాసకుడు నిజముగా శాస్త్రజ్ఞుడైనచో ఈ భేదమునే సభలో చెప్పవలసియుండెను. అది చెప్పినచో చప్పట్లు రావు.

ఈ ధోరణికి పరాకాష్ఠ యొకటి చెప్పి ముందునకు పోదును. 1992లో జెరూసలేములోని శాస్త్రజ్ఞులు పందిమెదడునుండి ఒక పదార్థమును వేరుచేసి, మన ఆనందశబ్దమును గ్రహించి దానికి ఆనందమైడ్ అని నామకరణము చేసిరి. నిరోధకసంధులను దీర్ఘకాలము సడలించు పదార్థములు ఈ కుటుంబమునకు చెందినవే. "చూచితిరా, మెదడులో బ్రహ్మానందము దొరికినది" అని ఒక పండితుడు పలుకగా విన్నాను. నాయనలారా, పేరు పెట్టినవారు సంస్కృతమును ప్రేమించిరి, అంతియే. బిడ్డకు ఈశ్వరుడని పేరు పెట్టినంతనే వానికి మూడవ కన్ను తెరచుకొనదు.

వేదాంతదృష్టితో చూచినను ఈ పురాణము నిలువదు. అంతఃకరణము భూతముల సాత్త్వికాంశలచే ఏర్పడినదని, అది జడమని, దృశ్యమని మన ఆచార్యులు చెప్పిరి. సాంఖ్యులును చిత్తమును ప్రకృతికార్యముగనే చెప్పిరి. జడమైనది ద్రవ్యములకు లోబడుటలో వింత యేమి? అన్నము తినని దినమున మనస్సు ఎట్లుండునో ఏకాదశి చేయు ప్రతివానికి తెలియును. కావున మాత్ర మనస్సును మార్చినచో ఆత్మకు న్యూనత రాదు. జపము గాబాను పెంచినచో ఆత్మకు ఔన్నత్యమును రాదు. సాక్షియైనదానిని సంధులలో వెదకుట దృశ్యధర్మమును ద్రష్టపై ఆరోపించుటయే. దీనికి మన శాస్త్రమున పేరు అధ్యాస. ధర్మరక్షణమను పేరిట వేదిక యెక్కి అధ్యాసను బోధించుచున్నారు. ప్రత్యక్షవిరుద్ధమైన అర్థమున శ్రుతి సహితము ప్రమాణము కాజాలదని భగవత్పాదులు గీతాభాష్యమున నిస్సంకోచముగా చెప్పిరి. శ్రుతికే లేని అధికారము ఉపన్యాసమునకు ఎచ్చటినుండి వచ్చినది?

యోగశాస్త్రమున అంతరాయములను లెక్కించునప్పుడు పతంజలి మొట్టమొదట పేర్కొన్నది వ్యాధిని. వ్యాధిగ్రస్తుడు ముందు వ్యాధిని పోగొట్టుకొనవలెనని దాని భావము. వ్యాధిని జపముతో దాచుకొమ్మని కాదు. అపస్మారమునకు చరకసంహిత నిదానస్థానమున ఒక అధ్యాయమును, చికిత్సాస్థానమున ఒక అధ్యాయమును కేటాయించినది. చరకుడు నాస్తికుడు కాడు.

క్లోబజామ్ ఏమి చేయును? గాబా వచ్చి తట్టినప్పుడు తెరచుకొను ద్వారములు మరింత తరచుగా తెరచుకొనునట్లు చేయును. గాబా తాను చేయు పనికే అది తోడ్పడును. నెలల తరబడి ఆ తోడునకు మెదడు అలవాటుపడును. ద్వారములు తమ స్వభావమును దానికి తగినట్లు సర్దుకొనును. ఇదియు ఆ సంధుల పరిణామశీలతయే. కావున మాత్రను ఒక్కనాడు హఠాత్తుగా మానినచో పూర్వమున్న స్థితికంటె హీనమైన స్థితి వచ్చును. వైద్యులు మాన్పింపదలచినను వారములు, మాసములు పట్టునట్లు మెల్లమెల్లగా తగ్గింతురు. ఇక మూర్ఛ ఆగక సాగునప్పుడు జరుగునది మరింత దారుణము. నిమిషములు గడచినకొలది సంధివద్దనున్న గాబా గ్రాహకములు కణములోపలికి మునిగిపోవును. ఆపవలసిన ద్వారములే మాయమగును. అప్పుడు ఇచ్చిన సూది మందునకు మొదట ఇచ్చినప్పటి బలముండదు. అందుచేతనే ఐదు నిమిషములు దాటిన మూర్ఛను అత్యవసరముగా పరిగణింపవలెనని వైద్యులు చెప్పుదురు. ఆ పిల్లవాని విషయమున అరగంట దాటినది. ఆ అరగంటలో ఇంటిలో ఏమి జరిగినదో తండ్రి నాకు చెప్పెను. చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టిరి, నోటిలో చెంచా పెట్టబోయిరి, చెవిలో నామము చెప్పిరి. ఇనుము పట్టించుటవలన మూర్ఛ ఆగదు. నోటిలో ఏమియు పెట్టరాదు. పిల్లవానిని ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, కంఠమువద్ద వస్త్రమును వదులుచేసి, గడియారము చూడవలెను. సమయము మించినచో 108కు ఫోను చేయవలెను. నామము ఆ పిమ్మట కూడ చెప్పవచ్చును, అంబులెన్సులో చెప్పినను భగవంతుడు వినును.

ఆ ఉపన్యాసకునకు నేను జరిగినది వ్రాసి, ఏ వేదికపై ఆ మాట చెప్పిరో ఆ వేదికపైనే సవరించుకొనుడని ప్రార్థించితిని. రెండు మాసములైనది, ప్రత్యుత్తరము లేదు. మరల వ్రాయుదును. ఈ లోపల ఈ పుటను చదువు అర్చకసోదరులకు ఒక విన్నపము. మూర్ఛ, ఉన్మాదము, మధుమేహము మున్నగు వ్యాధులకు మందు వాడుచున్న భక్తులు వ్రతమునకో దీక్షకో సంకల్పము చెప్పించుకొన వచ్చినప్పుడు, మందు మానరాదని సంకల్పమునకు ముందే మనము చెప్పుదము. మాత్ర మ్రింగుటకు నీరు త్రాగినంతమాత్రమున ఉపవాసము భంగమగునని ఎవరైనను అన్నచో, ఆ దోషము నాకు వచ్చునని చెప్పుడు.

గత శనివారము ఆ పిల్లవాడు తండ్రితో వచ్చినాడు. కొంచెము చిక్కినాడు, మాటలో తొందర తగ్గినది. తీర్థము తీసికొని, "తాతగారూ, పొద్దున మాత్ర జపానికి ముందు వేసుకోనా, తర్వాతా?" అని అడిగినాడు. డాక్టరుగారు ఏ వేళకు వేసుకొమ్మన్నారని అడిగితిని. ఎనిమిది గంటలకట. జపమును ఎనిమిదింటికి ముందు ముగించుకొమ్మని చెప్పితిని.